భూమి అమ్మకానికి కాగితం: మన ఊళ్లోనూ, ఇంగ్లండులోనూ

ఈ ఉత్సవ సంచికకు ఏదైనా చరిత్ర విషయం వ్రాసి ఇమ్మని సంఘం పెద్దలు కోరినప్పుడు, కృష్ణదేవరాయల గూర్చో, అమరావతి స్తూపం గూర్చో వ్రాస్తానని వారు అనుకొని ఉంటారు. వాటిని వ్రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. నాది సాయంకాలపు తరగతిలో నేర్చుకొన్న తెలుగు. తప్పులుంటే పెద్దలు మన్నించాలి. నేను ఎంచుకొన్న విషయం భూమి అమ్మకం. ఒక మనిషి తన నేలను మరొకరికి అమ్మితే ఆ అమ్మకం ఎప్పుడు కట్టుబడి అవుతుంది? మాట చాలునా, సొమ్ము ముట్టితే చాలునా, కాగితం కావాలా, కాగితం మీద ఎవరు సంతకం చేయాలి? ఇది ప్లీడర్ల విషయం కదా అని పేజీ తిప్పేయవద్దని మనవి. ఈ ప్రశ్నకు జవాబు తెలియక మా రెండు కుటుంబాలు ముప్పై అయిదేళ్లు ఉత్తరాలు మానుకొన్నాయి.

మా తాతగారి భూమి

మా తాతగారు కోనసీమలో గోదావరి పాయ పక్కన ఉన్న ఒక పల్లె నుండి 1906లో నాటాలు వెళ్లారు. మదరాసు నుండి బయలుదేరిన ‘ట్రూరో’ అనే ఓడ 1860 నవంబరు 16న డర్బను చేరినది మొదలు 1911 వరకు సుమారు 1,52,000 మంది భారతీయులు ఒప్పందపు కూలీలుగా ఆ దేశం చేరారు. వారిలో ఎక్కువమంది మదరాసు రేవు నుండి ఓడ ఎక్కినవారే. మా తాతగారు అయిదేళ్ల చెరకు పని ముగించుకొని, కూరగాయలు పండించి, అక్కడే స్థిరపడ్డారు. తిరిగి వెళ్లలేదు. కాని పిల్లలకు మాత్రం ‘మన ఊళ్లో మనకు ముప్పై సెంట్ల నేల ఉంది, మా అన్న చూస్తున్నాడు’ అని చెబుతూ ఉండేవారట.

మా నాన్నగారు ఆ మాటను గుండెలో దాచుకొన్నారు. దానికి కారణం ఉంది. నాటాలులో భూమి చేతులు మారాలంటే పీటర్‌మారిట్జ్‌బర్గ్‌లోని దస్తావేజుల రిజిస్ట్రీలో నమోదు కావాలి. అక్కడ భారతీయులు పైసా పైసా కూడబెట్టి, సక్రమంగా రిజిస్టరు చేయించుకొని భూములు కొన్నారు. ఆ తరవాత 1943లో పెగ్గింగ్ చట్టం, 1946లో ఆసియావాసుల భూమి చట్టం, 1950లో గ్రూప్ ఏరియాస్ చట్టం వచ్చాయి. ఎవరు ఎక్కడ భూమి కొనవచ్చు, ఎక్కడ ఉండవచ్చు అన్నది మనిషి జాతిని బట్టి నిర్ణయమయింది. డర్బనులోని కేటో మేనర్ వంటి చోట్ల భారతీయులు చట్టప్రకారం కొన్న ఇళ్లూ తోటలూ ఖాళీ చేయవలసి వచ్చింది. రిజిస్టరయిన కాగితం చేతిలో ఉన్నా నేల నిలవలేదు. అది చూసిన మనిషికి, ఎక్కడో గోదావరి ఒడ్డున తనదనే నేల ముప్పై సెంట్లు ఉందన్న మాట ఎంత ధైర్యమో ఊహించుకోవచ్చు.

మా కుటుంబం 1964లో ఇంగ్లండు వచ్చింది. అప్పటికి నాకు మూడేళ్లు. 1974లో నాన్నగారు ఊరికి ఉత్తరం వ్రాయించి ఆ నేల సంగతి అడిగారు. పెదనాన్నగారి వద్ద నుండి జవాబు వచ్చింది. ‘మీ నాన్న వెళ్లేటప్పుడే దాన్ని మా నాన్నకు అమ్మేశాడు. కాగితం ఉండేది, 1953 వరదలో పోయింది’ అని. రిజిస్టరు కాగితం నకలు పంపమని నాన్నగారు అడిగారు. రిజిస్టరు చేయలేదన్నారు. ‘రిజిస్టరు లేనిది అమ్మకమే కాదు, ఇది అన్యాయం’ అని నాన్నగారు చివరి ఉత్తరం వ్రాశారు. ఆ తరవాత అటునుండి పెళ్లి శుభలేఖ కూడా రాలేదు. నాన్నగారు 1996లో ఆ బాధతోనే పోయారు.

ఆయన మాటలో తప్పుందా? అది తెలియాలంటే రెండు దేశాల చరిత్ర కొంత చూడాలి.

ఇంగ్లండులో మట్టిపెళ్ల నుండి సంతకం దాకా

పూర్వం ఇంగ్లండులో భూమి అమ్మడానికి కాగితం అవసరమే లేదు. అమ్మేవాడు, కొనేవాడు ఆ నేల మీదికి వెళ్లేవారు. ఇరుగుపొరుగు వారిని పిలిచేవారు. అమ్మేవాడు ఒక మట్టిపెళ్లనో, చెట్టుకొమ్మనో తీసి కొనేవాడి చేతిలో పెట్టి, ఈ నేలను నీకు స్వాధీనం చేస్తున్నానని నలుగురూ వినేలా చెప్పేవాడు. ఇల్లయితే తలుపు గడియనో, తాళం చెవినో ఇచ్చేవారు. దీన్ని ‘లివరీ ఆఫ్ సీజిన్’ అన్నారు. పత్రం వ్రాసుకొన్నా అది జ్ఞాపకానికే గాని అమ్మకానికి ప్రాణం కాదు. ప్రాణం ఆ స్వాధీనంలోనే ఉంది. ప్రభువు అనుమతి లేకుండానే స్వతంత్రులు తమ భూమిని అమ్ముకోవచ్చునని 1290లో ‘క్వియా ఎంప్టోరెస్’ చట్టం చెప్పింది.

పత్రాలు వ్రాయడం పెరిగిన కొద్దీ ఒక చక్కటి పద్ధతి వచ్చింది. ఒకే తోలు మీద ఒకే ఒప్పందాన్ని రెండుసార్లు వ్రాసి, మధ్యలో రంపపు పళ్లలాగా వంకరటింకరగా కోసి, చెరో సగం తీసుకొనేవారు. తగాదా వస్తే రెండు ముక్కలనూ కలిపి చూస్తారు. పళ్లు సరిగ్గా అమరితే పత్రం నిజమైనది. లాటిన్‌లో పన్ను అనే మాట నుండి ఆ పత్రానికి ‘ఇండెంచర్’ అనే పేరు వచ్చింది. మన తాతముత్తాతలు వేలిముద్ర వేసిన కూలి ఒప్పందానికీ ఆ పేరే. భూమిని అమ్మే పత్రానికీ, మనిషి అయిదేళ్ల ఒంటి కష్టాన్ని అమ్ముకొన్న పత్రానికీ ఒకే పేరు ఉండటం నేను తరగతిలో పిల్లలకు చెప్పినప్పుడల్లా వారు కాసేపు మాట్లాడేవారు కారు.

1536లో మరొక చట్టం, స్వాధీనం చేసే తంతు లేకుండా బేరంతోనే భూమి అమ్మితే ఆ పత్రాన్ని ఆరు నెలల్లోగా నమోదు చేయించాలంది. ప్లీడర్లు దానికి అడ్డదారి కనిపెట్టారు. ముందు కౌలుకిచ్చి, ఆ మరునాడు మిగిలిన హక్కును వదులుకొన్నట్లు వ్రాస్తే నమోదు అక్కరలేదు. ఇలా చాలాకాలం గడిపారు.

అసలు మలుపు 1677. ఆ సంవత్సరం ‘స్టాట్యూట్ ఆఫ్ ఫ్రాడ్స్’, అంటే మోసాల నివారణ చట్టం వచ్చింది. ఆ కాలంలో వ్యాజ్యంలో వాది, ప్రతివాది తమ తరపున తాము సాక్ష్యం చెప్పడానికి వీలు లేదు. బయటివారు చెప్పాలి. కనుక డబ్బిచ్చి దొంగ సాక్షులను తెచ్చి, ‘ఫలానావాడు తన పొలం అమ్ముతానన్నాడు, నేను విన్నాను’ అనిపించడం తేలిక. దానికి విరుగుడుగా, భూమి అమ్మకపు ఒప్పందం మీద దావా వేయాలంటే వ్రాత ఉండాలి, ఎవరి మీద దావా వేస్తున్నారో వారి సంతకం దాని మీద ఉండాలి అని చట్టం చెప్పింది.

అయితే మోసాన్ని ఆపే చట్టమే మోసగాడికి అండ కాకూడదు గదా. నోటిమాట మీద కొని, ఇల్లు కట్టుకొని కాపురం ఉన్నవాడిని, కాగితం లేదని వెళ్లగొడితే? అటువంటి చోట, ఒప్పందంలో కొంత భాగం నెరవేరింది కనుక దాన్ని నిలబెడతామని ధర్మపీఠాలు అన్నాయి. కాని ఆ దయకూ హద్దు ఉండేది. 1883లో ప్రభువుల సభ తీర్చిన మాడిసన్, ఆల్డర్సన్ దావా చూడండి. ఎలిజబెత్ మాడిసన్ ఒక రైతు ఇంట్లో ఏళ్ల తరబడి జీతం లేకుండా పని చేసింది. తన పొలాన్ని ఆమె బ్రతికున్నంత కాలం అనుభవించేలా వ్రాస్తానని ఆయన మాట ఇచ్చాడు. వీలునామా వ్రాశాడు గాని సాక్షి సంతకాలు సరిగా లేక అది చెల్లలేదు. జీతం లేకుండా పనిచేయడం భూమి ఒప్పందానికి గుర్తు కాదని సభ తేల్చింది. ఆమె ఓడిపోయింది. ఆ తీర్పు చదివినప్పుడు నాకు మన ఇళ్లలోని ఎందరో మేనత్తలు, వదినలు గుర్తుకు వచ్చారు.

1845 చట్టంతో భూమి బదిలీకి దస్తావేజు తప్పనిసరి అయింది. 1925 చట్టంతో మట్టిపెళ్ల తంతు పూర్తిగా రద్దయింది. 1677 నాటి నియమాన్ని ఆ 1925 చట్టంలోని 40వ సెక్షను కొనసాగించింది. ఇప్పుడు ఇంగ్లండు, వేల్సులలో నడుస్తున్నది 1989 నాటి చట్టం. ఆ సంవత్సరం సెప్టెంబరు 27 నుండి జరిగిన ఒప్పందానికి మూడు షరతులు. ఒప్పందం వ్రాతలో ఉండాలి. అనుకొన్న షరతులన్నీ ఒకే పత్రంలో ఉండాలి, లేదా మార్చుకొనే రెండు ప్రతులలోనూ ఉండాలి. అమ్మేవారు, కొనేవారు ఇద్దరూ సంతకం చేయాలి. ఇందులో ఏది లోపించినా ఒప్పందం లేనట్లే. బహిరంగ వేలం, మూడేళ్లకు మించని కౌలు వంటి కొన్నిటికి మినహాయింపు ఉంది. పాత రోజుల్లో వ్రాత లేకపోతే దావా మాత్రమే నడవదు. ఇప్పుడు అసలు ఒప్పందమే పుట్టదు.

ఒప్పందం వేరు, బదిలీ వేరు. బదిలీకి దస్తావేజు కావాలి. అది దస్తావేజని చూడగానే తెలియాలి, సాక్షి ఎదుట సంతకం కావాలి, ఆ సాక్షి కూడా సంతకం చేయాలి. లక్క ముద్ర అవసరం 1990 జూలై 31తో పోయింది. ఆ సంవత్సరమే డిసెంబరు 1 నుండి ఇంగ్లండు, వేల్సు అంతటా అమ్మకాల రిజిస్ట్రేషను తప్పనిసరి అయింది. 1862లో పెట్టిన భూమి రిజిస్ట్రీ దేశమంతటా పరచుకోవడానికి 128 ఏళ్లు పట్టింది. స్కాట్లండు దారి వేరు. అక్కడ 1617 నుండే భూమి పత్రాలకు బహిరంగ రిజిస్టరు ఉంది.

ఎలిజబెత్ మాడిసన్ వంటివారికి ఇప్పుడు కొంత ఆశ ఉంది. సోమర్సెట్‌లో డేవిడ్ థోర్నర్ అనే ఆయన తన బంధువు పొలంలో సుమారు ముప్పై ఏళ్లు జీతం లేకుండా పనిచేశాడు. పొలం నీదేనని ఆ బంధువు సూచనగా అంటూ వచ్చాడు గాని చెల్లే పత్రం ఏదీ వదలలేదు. 2009లో ప్రభువుల సభ డేవిడ్ పక్షాన తీర్పు ఇచ్చింది. అయినా ఆ న్యాయం కోసం అతడు మూడు కోర్టులు ఎక్కవలసి వచ్చిందని మరవకూడదు.

మన దేశంలో నీళ్లూ బంగారమూ

మన పద్ధతి కూడా ఇంగ్లండు పద్ధతికి దూరం కాదు. చాళుక్య విక్రమాదిత్యుని కొలువులో, అంటే సుమారు తొమ్మిది వందల ఏళ్ల క్రిందట, విజ్ఞానేశ్వరుడు మితాక్షర వ్రాశాడు. పదమూడవ శతాబ్దంలో కేతన దాన్ని అనుసరించి తెలుగులో పద్యకావ్యం చేశాడు. మితాక్షర ప్రకారం భూమి చేతులు మారడానికి ఆరు కావాలి: గ్రామం సమ్మతి, జ్ఞాతుల సమ్మతి, పొరుగు భూముల వారి సమ్మతి, దాయాదుల సమ్మతి, బంగారం, నీటిధార. గ్రామం సమ్మతి ఎందుకంటే అమ్మకం నలుగురికీ తెలియడానికని, పొరుగువారి సమ్మతి గట్టు తగాదా రాకుండా ఉండటానికని విజ్ఞానేశ్వరుడు వివరించాడు. జ్ఞాతుల సమ్మతి, వీరు పంచుకొన్నారా లేదా అన్న సందేహం తరవాత పుట్టకుండా ఉండటానికి. భూమిని అమ్మడం మంచిది కాదనే భావం ఉండేది కనుక, అమ్మకానికి కూడా దానం రూపం ఇచ్చి చేతిలో నీళ్లు పోసేవారు. అక్కడ మట్టిపెళ్ల, ఇక్కడ నీటిధార. రెండు చోట్లా పొరుగువారే రిజిస్ట్రారు.

ఇంగ్లీషువారి పాలనలో 1864లో కొన్ని దస్తావేజులకు రిజిస్ట్రేషను తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. అది మారుతూ 1908 నాటి రిజిస్ట్రేషను చట్టంగా నిలిచింది. మధ్యలో 1882లో ఆస్తి బదిలీ చట్టం వచ్చింది. దాని 54వ సెక్షను అమ్మకానికి ప్రాణం. నూరు రూపాయలు, అంతకు పైబడిన స్థిరాస్తి అమ్మకం రిజిస్టరు దస్తావేజు ద్వారానే జరగాలి. నూరు రూపాయలకు లోపు విలువ గల ఆస్తి అయితే రెండు దారులున్నాయి: రిజిస్టరు దస్తావేజు, లేదా ఆస్తిని స్వాధీనం చేయడం. అమ్మేవాడు కొనేవాడిని నేల మీద నిలబెడితే చాలు. చిన్న రైతు కోసం పాత పద్ధతిని ఆ సెక్షనులో ఇలా మిగిల్చారు.

పెట్టెలో కాగితం

నాన్నగారు పోయిన చాలా ఏళ్లకు, 2007లో నేను సాయంకాలం తెలుగు తరగతిలో చేరాను. ఇంట్లో నాయనమ్మ తెలుగు విన్నాను గాని అక్షరాలు రావు. నాన్నగారికీ రావు. నాటాలులో వారి బడిలో తెలుగు లేదు. రెండేళ్లకు గుణింతాలు, ఒత్తులు పట్టుబడ్డాయి. అప్పుడు తాతగారి రేకుపెట్టెలోని కాగితాలు తీశాను. అందులో నాలుగు మడతలు పెట్టిన ఒక కాగితాన్ని మేమందరం తాతగారి జాతకం అనుకొంటూ వచ్చాము. కలిపివ్రాత కావడం వల్ల నేను ఒక్క పంక్తి కూడా పూర్తిగా చదవలేకపోయాను. ‘క్రయము’ అన్న మాట మాత్రం గుర్తుపట్టాను. తరగతికి తీసుకొని వెళ్లి మా టీచరుగారికి చూపించాను. ఆమె రాజమండ్రి వారు. కళ్లద్దాలు సవరించుకొని, వ్రేలు పెట్టి మెల్లగా చదివారు.

అది 1906లో వ్రాసిన భూమి క్రయపత్రం. తన వాటాకు వచ్చిన ముప్పై సెంట్ల నేలను, కుటుంబపు అప్పు తీర్చడం కోసం, తొంభై అయిదు రూపాయలకు తన అన్నగారికి అమ్మినట్లు మా తాతగారు వ్రాయించారు. రొక్కం ముట్టిందని, నేలను ఆ రోజే స్వాధీనం చేశానని, ఇకపై తనకూ తన వారసులకూ దానిలో ఏ హక్కూ లేదని ఉంది. తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం హద్దులు ఉన్నాయి. కరణంగారి వ్రాత, ఇద్దరు సాక్షులు, తాతగారి నిశానీ ఉన్నాయి. రెండు ప్రతులు వ్రాసి చెరొకటి తీసుకొన్నామని చివర ఉంది. వరదలో పోయినది ఒకటి, సముద్రం దాటి వచ్చినది ఒకటి.

తొంభై అయిదు రూపాయలు. నూరుకు అయిదు తక్కువ. రిజిస్టరు అక్కరలేదు. నేలను స్వాధీనం చేశారు కనుక అమ్మకం పూర్తయింది. పెదనాన్నగారు చెప్పింది అక్షరాలా నిజం. మా నాన్నగారు అబద్ధం ఆడలేదు, దురాశా పడలేదు. నాటాలు చట్టాన్ని గోదావరికి అన్వయించారు, అంతే. తాతగారు పిల్లలతో ‘మనకు నేల ఉంది’ అని ఎందుకు అన్నారో ఆయనకే తెలియాలి. చెరకు తోటలో పనిచేసే మనిషికి పిల్లలకు ఇవ్వడానికి ఆ మాట తప్ప ఏముంది?

నేను ఆ కాగితానికి ఫోటో తీయించి, తప్పుల తడక తెలుగులో ఒక ఉత్తరం వ్రాసి ఊరికి పంపాను. పెదనాన్నగారు అప్పటికే లేరు. వారి అబ్బాయి, నాకు అన్నయ్య వరస, జవాబు వ్రాశారు. ‘మా నాన్న చివరిదాకా ఆ కాగితం పోయినందుకు బాధపడేవాడు. నీ ఉత్తరం ఆయన పటం ముందు పెట్టి చదివాను’ అన్నారు. ఆ మరుసటి సంక్రాంతికి నేను వెళ్లాను. ఆ ముప్పై సెంట్లలో కొబ్బరిచెట్లు ఉన్నాయి. అన్నయ్య ఒక బొండం కొట్టి ఇచ్చారు.

మన పిల్లలకు నాలుగు మాటలు

ఈ చరిత్ర నుండి నేను గ్రహించిన వాటిని మన కుటుంబాల కోసం చెబుతాను. ఇది ప్లీడరు సలహా కాదు, ఒక బడిపంతులు అనుభవం.

ఇంగ్లండులో ఇల్లు కొనేటప్పుడు, ప్రతులు మార్చుకొనేదాకా ఇరుపక్షాలూ స్వతంత్రులే. ధర ఒప్పుకొన్నంత మాత్రాన ఇల్లు మీది కాదు. అన్నదమ్ముల మధ్యనయినా, ‘ఈ ఇంట్లో సగం నీది’ అని భోజనాల బల్ల దగ్గర అన్న మాటను కాగితం మీద పెట్టండి. కాగితం అనుమానానికి గుర్తు కాదు. రేపటి అనుమానానికి మందు.

ఆంధ్రలో, తెలంగాణలో భూమి ఉన్నవారు మరొకటి గమనించాలి. తెల్లకాగితం మీద వ్రాసుకొన్న అమ్మకాలను అక్కడ సాదా బైనామా అంటారు. వాటి మీద తరాల తరబడి తగాదాలు నడుస్తున్నాయి. ఇక్కడి నుండి పవర్ ఆఫ్ అటార్నీ వ్రాసి పంపితే అమ్మకం అయిపోయిందనుకొనేవారు ఉన్నారు. అటువంటి పత్రాలతో యాజమాన్యం బదిలీ కాదని, రిజిస్టరు దస్తావేజే కావాలని భారత సుప్రీంకోర్టు 2011లో సూరజ్ లాంప్ కేసులో స్పష్టం చేసింది. నూరు రూపాయల హద్దు చట్టంలో నేటికీ ఉంది గాని, నూరు రూపాయలకు ఇప్పుడు భూమి ఎక్కడ దొరుకుతుంది?

చివరిది అన్నిటికంటె ముఖ్యం. మన ఇళ్లలో, అటకల మీద, పాత పెట్టెలలో, ఎవరూ చదవలేని తెలుగు కాగితాలు ఉన్నాయి. వాటిని పారవేయకండి. చదవగలవారు ఉండగానే చదివించండి. పిల్లలను తెలుగు తరగతికి పంపమంటే, ‘ఇంగ్లండులో తెలుగు ఏం పనికి వస్తుంది’ అని కొందరు అడుగుతారు. మా నాన్నగారికి ఆ అక్షరాలు వచ్చి ఉంటే ఆయన తన అన్నగారితో మాట్లాడుతూనే పోయేవారు. నేను ఇచ్చుకోగల జవాబు అదొక్కటే.